ఏడుపు ముందా, నీలం ముందా?

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన ఏడాది ఆఖరులో నన్ను తిరుపతి నుంచి నగరి వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. అప్పటికి నేను డిప్యూటీ సివిల్ సర్జన్ హోదాలో ఉన్న పిల్లల వైద్యురాలిని. ఉద్యోగంలో అదే నా చివరి చోటు.

ఒకరోజు ఓపీకి రేవతి అనే ఆమె ఏడాదిన్నర కొడుకు తరుణ్‌ను చంకనేసుకుని వచ్చింది. మళ్ళీ గర్భవతి, ఆరో నెల. భర్త మరమగ్గాల పనికి పోవడంతో అత్త మునెమ్మ తోడు వచ్చింది. పిల్లవాడికి ఫిట్స్ వస్తున్నాయి, మందు రాయమన్నారు.

నా కళ్ళు ముందు తల్లి మీద పడ్డాయి. మనిషి లావుగానే ఉంది గానీ ముఖం పాలిపోయింది. కూర్చోబోతూ తూలి బల్ల పట్టుకుంది. పొద్దున ఏం తిన్నావని అడిగాను.

"మజ్జిగ తాగినాను మేడం. ఒక పూటే తింటా ఉండా."

ఎందుకన్నదానికి అత్త జవాబు చెప్పింది. "వీడు కడుపులో ఉన్నప్పుడు శానా లావైపోయింది మేడం. తల్లి లావుంటే బిడ్డకు మూర్ఛ వస్తాదని ఫోన్లో సూపించినారు. ఈ బిడ్డకన్నా రాకూడదని నేనే తిండి తగ్గించమన్నా." ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. గర్భిణి బరువు మరీ ఎక్కువైతే బిడ్డకు మూర్ఛవ్యాధి వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఆ తేడా వేలమందిని పోల్చినప్పుడు కనబడేది. ఫలానా బిడ్డకు జబ్బు ఎందుకొచ్చిందో అది చెప్పదు. అసలు వీడికున్నది మూర్ఛేనా అన్నది ముందు తేలాలి.

ఫిట్స్ కేసులో పరీక్షలకంటే ముందు, చూసినవాళ్ళ చేత జరిగింది జరిగినట్టు చెప్పిస్తాం. "గుడ్లు తేలేసి కొయ్యబారిపోతాడు" అంది రేవతి. అంతకుముందు ఏం చేస్తుంటాడంటే ఇద్దరూ చెప్పలేకపోయారు. సరే, రక్తపరీక్షకు రాసి, నర్సును గదిలోకే పిలిచాను.

సూది గుచ్చగానే తరుణ్ కెవ్వుమన్నాడు. అంతలోనే గొంతు ఆగిపోయింది; నోరు మాత్రం తెరిచే ఉంది. పెదవులు నీలంగా మారాయి, ఒళ్ళు బిగిసింది, కాళ్ళు కొట్టుకుని వాలిపోయాడు.

"ఇదే మేడం! వచ్చేసింది!" అని కేక పెట్టింది రేవతి.

వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టాను. గడియారం చూశాను. వాడు ఊపిరి తీసుకున్నాడు. రంగు తిరిగింది. తల్లి కోసం చేతులు చాచాడు.

ఏడుపు ముందొస్తుందా, నీలం ముందొస్తుందా అని అడిగాను. మునెమ్మ ఆలోచించింది. "ఏడుపే మేడం. మొన్న చేతిలో చెంబు పీక్కుంటే గూడా ఇట్లనే అయినాడు."

దీన్ని మేము ఊపిరి బిగబట్టడం అంటాం. నొప్పికో పంతానికో ఏడ్చి, వదిలిన ఊపిరిని పిల్లవాడు వెంటనే తీసుకోలేకపోతాడు. మూర్ఛవ్యాధి కాదు; అందులో మామూలుగా ఏడుపు లేకుండానే ఒళ్ళు బిగుస్తుంది, నీలం ఆ తర్వాతే. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది, తరుణ్‌కూ అదే ఉందని రిపోర్టు వచ్చింది. గుండెలో దోషం లేదని ఈసీజీతో తేల్చుకుని ఐరన్ టానిక్ రాశాను. ఫిట్స్ మందు రాయలేదు.

"అయితే నా వల్ల కాదా మేడం?" అని అడిగింది రేవతి. కాదన్నాను. ఆమె కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. మునెమ్మ సంచిలోంచి ఇడ్లీల పొట్లం తీసి ఆమె ఒడిలో పెట్టింది. "తినుమ్మే ముందు."

ఆమెను అదే రోజు గర్భిణుల డాక్టరుకు చూపించాం. కడుపుతో ఉన్నప్పుడు పస్తులుండి బరువు తగ్గించుకోకూడదు. తగిన తిండి తింటూ, బరువు మరీ పెరగకుండా చూసుకోవాలి. షుగరు పరీక్ష కూడా చేయించాం. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, సరైన బరువుతో. తరుణ్‌కు ఆ బిగబట్టడం క్రమంగా తగ్గి, బడిలో చేరేలోపే పూర్తిగా పోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఫిట్స్ అని వచ్చిన ప్రతి బిడ్డ తల్లినీ ఒక ప్రశ్న అదనంగా అడిగేదాన్ని: దీనికి కారణం ఏమని నీకు చెప్పారు? ఆ జవాబుతో బిడ్డ జబ్బు ఏమిటో తేలదు. ఆ ఇంట్లో వైద్యం ఇంకెవరికి కావాలో తెలుస్తుంది.