రుచి చూసే ముద్ద

పన్ను నొప్పని ఇంట్లో చెప్పి, భోంచేయడానికి తిరుపతి బస్సెక్కిన మనిషి ఈ జిల్లా మొత్తానికి సంతోషమ్మ ఒక్కతే అయి ఉంటుంది.

పాకాల దగ్గర పల్లెలో సర్కారు బడి పిల్లలకు పదహారేళ్లుగా మధ్యాహ్నం అన్నం వండిపెట్టేది ఆమే. ఎండాకాలం సెలవులొచ్చి బడికి తాళం పడింది. ఇంట్లో పొయ్యికి మాత్రం ఏ సర్కారూ సెలవివ్వలేదు. అందుకే ఒక్క పూట, కూర్చున్న చోటునుంచి లేవకుండా, ఇంకొకరు వడ్డిస్తే వేడన్నం కడుపునిండా తినాలని ఆమెకు ఆశ పుట్టింది. మొగుడు మునికుమార్‌తో ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, నేరం పన్ను మీదికి నెట్టింది. పాపం ఆయన లవంగాలు పొట్లం కట్టి మరీ పంపాడు.

బస్టాండు వెనక సందులో చిన్న ఏసీ హోటలు. రెండున్నర దాటింది. కొండకు పోయేవాళ్లు తిని వెళ్లిపోయారు, బల్లలన్నీ ఖాళీ. మూల కుర్చీలో కూర్చుని భోజనం చెప్పింది. వడ్డించే కుప్పయ్య, అరవై దాటిన మనిషి, ఆకు పరిచి నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాడు. ఈలోగా వంటగదిలో గరిటె కిందపడింది. సంతోషమ్మ సగం లేచింది. ‘నీదా గరిటె? కూసో’ అని తనను తానే కసురుకుని కూర్చుంది.

అన్నం, పప్పు, వంకాయ కూర వచ్చాయి. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, ఒక ముద్ద తిని, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆకు వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోయింది.

కుప్పయ్య కంగారుగా వచ్చాడు. "ఏమ్మా, బాగలేదా?"

"ఉప్పు సరిపొయ్యింది. పప్పు ఇంగ రొంత ఉడకల్ల" అంది, హెడ్మాస్టరుకు చెప్పినట్టే. అన్నాక గానీ తానెక్కడుందో గుర్తు రాలేదు. మొహం చిన్నబోయింది. "అలవాటన్నా. మా బళ్లో ముందు నేనొక ముద్ద తిని సూడల్ల. అరగంట నాకేమీ కాకపోతేనే పిల్లోళ్లకు పెట్టేది."

కుప్పయ్య నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. తర్వాత మెల్లగా, "ఈడ ముందు నేను తినేసినా తల్లీ. బతికే ఉండా గదా. నువ్వు నిమ్మళంగా తిను" అన్నాడు.

ఆమె నవ్వింది. మళ్లీ చెయ్యి పెట్టింది. పప్పు ఉడకలేదన్న మనిషి పప్పు మొత్తం ఖాళీ చేసింది. పన్ను సంగతి పన్నుకే గుర్తులేదు.

ఆకులో అన్నం తరిగేసరికి కుప్పయ్య బేసిన్ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. "ఇంగ రొంత ఎయ్యాల్నామ్మా?"

రోజుకు నూటిరవై మంది పిల్లలను ఆ మాట అడగడమే గాని, తనను ఒకరు అడగడం సంతోషమ్మకు కొత్త. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఎయ్యన్నా" అంది. "సాలని నేను సెప్పేదాకా ఎయ్యి."