పండుగ నాడు పెట్టించిన సభ

ఈ మాట నా లోపల చాలా ఏళ్ళుగా ఉంటోంది. మొదట్లో మూలగదిలో కిరాయికి దిగినవాడిలా అణిగిమణిగి ఉండేది. ఇప్పుడు ఇల్లు దానిదైనట్టు, నువ్వెప్పుడు ఖాళీ చేస్తావని నన్నే అడుగుతోంది.

నా పేరు రాయను. దాచుకోవాలని కాదు. నిజానికి దాచుకోవాలనే. చూశారా, మొదలుపెట్టీ పెట్టకముందే ఒక అబద్ధం ఆడబోయి ఆగాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్ళ ముందు నోరు పెగలదు. అలాగని నేను మూగవాడిని కాను. మా ఆఫీసులో నా జోకులు వినడానికి టీ తెప్పించే వాళ్ళున్నారు. ఇంత నోరు పెట్టుకుని ఈ ఒక్క మాట ఇన్నాళ్ళూ మింగుతూ వచ్చాను. ఎంత మింగినా అరగదు.

అప్పట్లో భద్రాచలం అడవుల అంచున ఉన్న ఒక చిన్న పట్టణంలో, ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌ని. నేను కంప్యూటర్‌ని ఆపరేట్ చేసింది తక్కువ, సార్లు నన్ను ఆపరేట్ చేసింది ఎక్కువ. నా భార్య, కూతురు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉండేవాళ్ళు, పిల్ల చదువు కోసం. నేను ఇక్కడ ఒక్క గదిలో. సెలవు దొరికితే బస్సెక్కేవాణ్ణి. దొరకకపోతే కుక్కర్‌తో మాట్లాడేవాణ్ణి. అది కనీసం ఈల వేసి బదులిచ్చేది.

ఒక వానాకాలం నాకు జ్వరం వచ్చి తలుపు వేసుకుని పడుకున్నాను. ఎవరూ రాలేదు. రావడానికి ఎవరున్నారు గనక? చింతపండు, ఇప్పపువ్వు అమ్ముకుంటూ మా వీధిన పోయే జోగమ్మ మాత్రం, రోజూ తెరిచి ఉండే తలుపు మూసి ఉందేమిటని తట్టింది. వాగు అవతల కోయగూడెం ఆమెది. మర్నాడు జావ తెచ్చింది. "ఒంటిగ ఉన్నోనికి జరమొస్తె ఇంటికి గూడ జరమొచ్చినట్టే ఉంటది తమ్మీ," అని నా గది ఊడ్చింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క. ఆ ఊళ్ళో నాకున్న చుట్టం ఆమె ఒక్కతే.

తర్వాత పట్టణాన్ని పెంచే ప్లాన్ వచ్చింది. వాగుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పల్లపు పొలాల్ని నివాస స్థలాలుగా మారుస్తారని, ఇళ్ళు, ఆఫీసులు, కొత్త బస్టాండు అక్కడే వస్తాయని. ఊరంతా రెండుగా చీలింది. ఎన్నాళ్ళు ఇట్లా అడవి పక్కన అడవిలా పడి ఉంటామని వ్యాపారస్తులు. గోదావరి పొంగినప్పుడు వాగు వెనక్కి నడుస్తుంది, ఆ నీళ్ళు నిలిచే చోటు అదే, దాన్ని పూడ్చొద్దని గూడెం వాళ్ళు. టీకొట్టు దగ్గర ఎవరేం చెప్పినా నేను తల ఊపేవాణ్ణి. రెండు వైపులా ఊపీ ఊపీ మెడనొప్పి వచ్చింది తప్ప అభిప్రాయం రాలేదు.

అభ్యంతరాలు వినడానికి షామియానా వేసి సభ పెట్టారు. మైకు పట్టణం వాళ్ళ చేతుల్లోనే తిరిగింది. అరుపులు లేచాయి, కుర్చీలు లేచాయి, చివరికి మా సారూ లేచి వెళ్ళిపోయారు. సభ వాయిదా పడింది. జోగమ్మ అంతసేపూ షామియానా గుంజ పట్టుకుని నిలబడే ఉంది.

"మైకు నా దాక రాలె తమ్మీ. మల్లోసారి అందరికంటె ముందుగాల పోయి కూసుంట," అంది.

అప్పటి నుంచి నా గది గడప మీద కూర్చుని, సభలో చెప్పాల్సింది నాకు చెప్పి చూసుకునేది. తెలుగులో తప్పు పోతే పట్నపోళ్ళు నవ్వుతారని భయం. నేను సారునన్నమాట. ముందు పేరు చెప్పాలక్కా, తర్వాత ఊరు, అని నేర్పేవాణ్ణి. పేరు ప్రతిసారీ మరిచిపోయి నేరుగా విషయంలోకి దిగేది. "సారూ, గా పల్లం గోదారమ్మ పండుకునే జాగ. ఆడ మట్టి పోస్తె ఆమె ఏడికి పోతది? మా ఇండ్లకొచ్చి పండుకుంటది." ఈ సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియనిది కాదు. కానీ ఆమె చెబితే అది విని ఊరుకోవడం కష్టం. నాకే కష్టంగా ఉండేది.

ఒకరోజు వచ్చి పండుగకు పిలిచింది. వేసవి చివర వాళ్ళ గూడెంలో విత్తనాల పండుగ. ఇంటింటి నుంచి గుప్పెడు విత్తనం తెచ్చి అమ్మవారి దగ్గర పెడతారు. ఆ విత్తనం పూజయి మళ్ళీ ఎవరింటికి వాళ్ళకు చేరేదాకా గూడెం మనిషి పొలిమేర దాటకూడదు. దాటితే ఆ ఏడు ఏ పొలంలోనూ మొలక రాదని వాళ్ళ నమ్మకం. అన్ని గూడేల్లో ఇంత గట్టిగా ఉంటుందో లేదో నాకు తెలియదు, అక్కడ మాత్రం ఉంది. బయటివాళ్ళు రావచ్చు, తినవచ్చు, పోవచ్చు. ఫోన్ సిగ్నల్ కూడా పొలిమేర అవతల గట్టు మీదే దొరికేది. ఏ రోజుల్లో చేయాలో పెద్దలు అంతకు ముందు రోజే కుదిర్చారు. బయట ఇంకా ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. నేను తమ్ముణ్ణి కదా.

ఇక్కడికి వచ్చేసరికి నా చేయి ఆగుతోంది. లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. మీరు ఓపిక పట్టండి. ఇంకెంతో లేదు.

ఆ వారంలోనే సారు నన్ను పిలిచారు. మళ్ళీ సభ పెట్టాలి, నీకు ఆ గూడెం వాళ్ళు బాగా తెలుసట కదా, ఏ రోజు పెడితే ప్రశాంతంగా జరుగుతుంది, అని అడిగారు. ఆయన చెడ్డమనిషి కాదు. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆ ఆఫీసులో నన్ను కూర్చోమన్నది అదే మొదలు.

నేను కూర్చున్నాను. పండుగ సంగతి చెప్పాను. ఏ రోజు పెడితే ఎవరూ రారో, ఎందుకు రారో, కబురు కూడా ఎందుకు అందదో వివరంగా చెప్పాను. బాగా చెప్పాను. అడిగినదానికంటే ఎక్కువ చెప్పాను.

ఎందుకు చెప్పాను? ఈ ప్రశ్న నన్ను నేను అడిగినన్నిసార్లు మరెవరూ అడగలేదు, ఎందుకంటే మరెవరికీ అడగాలని తెలియదు. ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. ఖమ్మం బదిలీ చేయిస్తారనా? ఆ ఆశ ఎప్పుడూ ఉండేది, నిజమే, కానీ ఆ క్షణంలో అది గుర్తు కూడా రాలేదు. గొడవ జరగకూడదనా? ఇది చాలాకాలం నన్ను నేను జోకొట్టుకున్న మాట. అసలు సంగతి ఇంతకంటే చిన్నది, ఇంతకంటే సిగ్గుమాలినది: ఒక పెద్దమనిషి తనకు తెలియనిది నన్ను అడుగుతున్నాడు, నాకు తెలుసు. "నాకు తెలుసు సార్" అనే అవకాశం నా జీవితంలో అంతకు ముందు ఎన్నిసార్లు వచ్చింది గనక? ఒక మనిషి నన్ను నమ్మి ఇచ్చిన పిలుపును తీసుకెళ్ళి, ఇంకో మనిషి ముందు తెలివి కింద ఖర్చు పెట్టుకున్నాను.

నోటీసు నేనే టైపు చేశాను. గూడెంలో పండుగ మొదలైన రోజు, నియమం ప్రకారం ఆఫీసు గోడకు అంటించారు. అన్నీ నియమం ప్రకారమే జరిగాయి. నియమం తప్పింది నేనొక్కణ్ణే, నేను తప్పిన నియమం గోడకు అంటించే రకం కాదు.

సభ చాలా ప్రశాంతంగా జరిగింది. ముందు వరుస కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వ్యాపారస్తులు మాట్లాడారు, చప్పట్లు కొట్టారు. గూడెం నుంచి అభ్యంతరాలేవీ రాలేదని సారు చెబితే రాసుకున్నాను. భోజనాల వేళకు ముందే అయిపోయింది. ప్రజల అభిప్రాయం సేకరించడానికి ప్రజలు లేకపోతే ఎంత సుఖమో ఆ రోజే చూశాను.

ఆ మధ్యాహ్నం నేను పండుగకు వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుందనా, పిలిచింది కదా అనా, ఇప్పటికీ తేల్చుకోలేను. జోగమ్మ ఎదురొచ్చి చేయి పట్టుకుని తీసుకెళ్ళి, చాప మీద కూర్చోబెట్టి, ఆకు వేసి అన్నం, కోడికూర పెట్టింది. చుట్టూ ఆడవాళ్ళు, పిల్లలు.

"ఏంది తమ్మీ, ఇస్తరిని గట్ల చూస్తవ్? కూర కారమైందా?"

"లేదక్కా. మంచిగుంది."

"మంచిగుంటె తినాలె గని, పట్నపోళ్ళ లెక్క మెతుకులు ఏరుకుంట కూసోకు. ఏ, వీనికింత పులుసు పొయ్యుండ్రి. పెండ్లాం కాడ లేడు, సిగ్గు దేనికి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పులుసు పోయించి అడిగింది. "మల్ల మీటింగు ఎన్నడంట? నేను మాట మర్వకముందే జల్దీ పెట్టుమను మీ సారును."

"ఇంకా తెల్వదక్కా."

"ఎన్నడైనా ముందుగాల నాకు చెప్పాలె. గూడెమంత వస్తం. ముసలోళ్ళను గూడ బండెక్కిస్తం. ఈసారి పేరు గూడ చెప్త, సూడు."

"అవ్ అక్కా. చెప్త."

ఇదీ నేనన్న మాట. అప్పటికి సభ అయిపోయి పూట కాలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ అన్నం తింటుండగా నాకో మాట తట్టింది: ఈమె నాకు విస్తరి వేసింది, నేను ఈమెకు పట్టణ విస్తరణ వడ్డించాను. తట్టడమే కాదు, పెదవి మీదికి నవ్వు వచ్చింది. మాటలతో ఆడుకునే అలవాటు మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చూడండి. పండుగ సంగతి సారుకు చెప్పినందుకు నన్ను నేను ఎన్నటికైనా క్షమించుకుంటానేమో. ఆ నవ్వును మాత్రం క్షమించుకోలేను.

తర్వాత తెలిసింది వాళ్ళకు. గూడెం కుర్రవాళ్ళు ఆఫీసుకొచ్చి అడిగారు. మా పండుగ రోజే ఎట్ల పెట్టిండ్రు, లోపలోడు ఎవడో చెప్పిండని ఒకడు కేకలేశాడు. వాళ్ళ వెనక జోగమ్మ ఉంది. నేను ప్రింటర్ మూత తెరిచి, ఎక్కడా ఇరుక్కోని కాగితాన్ని లాగుతున్నాను. ఆమె ఆ కుర్రవాడితో అంటోంది, "ఊకోరా. మా తమ్ముడు ఈడనే ఉంటడు. ఆయనకెరికైతె నాకు చెప్పకుంటడా?"

నేను తల ఎత్తలేదు. ఆమె నా వైపు నిలబడి మాట్లాడింది. నేను ఎవరి వైపూ లేను. అప్పటికైనా ఒక్క మాట అని ఉంటే? సభ మళ్ళీ పెట్టాలని అడగడానికి వాళ్ళకొక ఆధారం దొరికేది. ఆ ఆధారం ప్రింటర్ వెనక వంగి ఉంది.

ప్లాన్ ఖాయమైంది. పల్లం మీద లారీలతో మొరం పోశారు. కొంతకాలానికి నాకు ఖమ్మం బదిలీ వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందా? అడగలేదు. జోగమ్మకు చెప్పి కూడా రాలేదు. మరుసటి వరదకు నీళ్ళు గూడెంలోకి వచ్చాయని, వాగొడ్డున ఆమె నారుమడి కుళ్ళిపోయిందని, ఆ తర్వాత ఏడూ అంతేనని, ఆమె పొలం వదిలేసిందని పాత ఆఫీసు అటెండరు ఫోన్లో చెప్పాడు. వేరే ఏదో చెబుతూ మధ్యలో చెప్పాడు. ఇక్కడ నా భార్య, కూతురు అన్నం ముందు కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఒంటరిగా ఉన్నానని బాధపడేవాణ్ణి. ఒంటరితనం గదిలో ఉండేది కాదని, మనతోపాటే సామాను సర్దుకుని వస్తుందని ఆ పూట తెలిసింది.

ఆమె మాట్లాడినా ప్లాన్ ఆగేది కాదేమో. ఈ "ఏమో"ను తలకింద పెట్టుకుని చాలా ఏళ్ళు పడుకున్నాను. ఇప్పుడది కూడా గుచ్చుకుంటోంది. ప్లాన్ ఆగేదో లేదో నాకు తెలియదు. ఆమె మాట ఆగింది, అది నాకు తెలుసు.

పోయిన ఎండాకాలం అశ్వారావుపేట వెళ్ళాను. ఆఫీసు పనని ఇంట్లో చెప్పాను. జోగమ్మ అక్కడ పామాయిల్ తోటల్లో కూలికి పోతోందని విన్నాను. తోట ముందు ఆడకూలీలు ట్రాక్టర్ దిగుతున్నారు. నన్ను ముందు ఆమే గుర్తుపట్టింది. చిక్కిపోయింది. అయినా నేను చిక్కిపోయానని నన్నే తిట్టింది. నా కూతురు ఏం చదువుతోందని అడిగింది. గూడెం సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మేస్త్రీ కేక వేశాడు. నోరు తెరిచాను. ఎండ బాగా ఉందక్కా, అన్నాను. ఔనంది. తోటలోకి వెళ్ళిపోయింది.

బస్సులో వస్తూ అనుకున్నాను, ఆమెకు చెప్పి నేను ఏం కోరుకుంటున్నానని. తిట్టాలనా? తిడితే నా బరువు దిగుతుంది. ఆమెకు మాత్రం ఉన్న ఒక్క తమ్ముడూ పోతాడు. చెప్పకపోవడం దయ అని చెప్పుకోవడానికి ఇది మంచి కారణం. నా దగ్గర కారణాలెప్పుడూ మంచివే ఉంటాయి.

అందుకే ఇక్కడ ఏ కారణమూ లేకుండా రాస్తున్నాను. వాళ్ళు రాలేని రోజు ఏదో చెప్పింది నేను. ఎవరూ బలవంతం చేయలేదు. ఆమె పెట్టిన అన్నం తింటూ ఆమెకు అబద్ధం చెప్పింది నేను.

రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. ఆడకూడదేమో. ఈ సంగతి ఇప్పుడు మీకు తెలుసు, నాకు తెలుసు. ఆమెకు ఇంకా తెలియదు.