జానెడు పడుగు

రెండువేల రెండులో ఇంటికి కంప్యూటర్ వచ్చిన రోజు నుంచి ధర్మవరం చౌడప్పకు తిండి సయించడం లేదు. ఆయన పట్టుచీరలు నేస్తాడు. ఇన్నేళ్లుగా వేసిన అంచులు, వాటి రంగులు, జరీల వివరాలన్నీ అందులో దాచుకోవాలని ఆశ. దానికి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కావాలన్నారు. దుకాణంలో రెండు చూపించారు. ఒకటి బొమ్మలతో పెళ్లిపందిరిలా ఉంది. రెండోది వట్టి గళ్లు.

"ఏందయ్యా ఇంత ఆలోచన? బొమ్మలుండేదే తీసుకో" అంది భార్య సువర్ణ.

చౌడప్ప మగ్గం వైపు చూశాడు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే నేతగాడు అంతా కోసేయడు. కొంత వదిలి, ఆ కొసలకే కొత్త పడుగును పోగుపోగునా అతుకుతాడు. మళ్లీ మొదటి నుంచి పోగులెక్కించాలంటే ప్రాణం పోతుంది. ఆయన భయమంతా అదే. తిరిగి దుకాణానికి పోయాడు.

"అన్నా, ఇది పాతబడితే దీన్లో ఉండేది కొత్తదానికి అతుక్కోవచ్చునా?"

"బొమ్మలదాంట్లోది బయటికి రాదప్పా. మళ్లా మొదట్నుంచి టైపు కొట్టుకోవల్ల. గళ్లదాంట్లోదైతే వస్తాది" అన్నాడు దుకాణదారు.

"ఖాయంగానా?"

"ఇప్పటికైతే వస్తాది. రేపటి సంగతి ఎవురికి తెలుసు?"

గళ్లదే కొన్నాడు గానీ ఆ చివరి మాట గుండెలో దిగబడింది. మరునాడు పడుగులోని ఆఖరి చీర కోసేటప్పుడు, ఎందుకైనా మంచిదని ఎప్పటికన్నా జానెడు ఎక్కువ పడుగు మగ్గం మీదే వదిలేశాడు.

చీరలు కొనే షావుకారు కొలిచి, జానెడు తక్కువని తిప్పి పంపిన ఆ చీర ఇప్పుడు సువర్ణ కట్టుకుంటోంది. కుచ్చిళ్లకు చాలడం లేదు.