వావిలాకు నీళ్లు

2019 ఎండాకాలం. వరంగల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మట్టెవాడలో బట్టల దుకాణంలో రోజంతా నిలబడి చీరలు చూపించే స్వరూపను, వాళ్లమ్మ రాజమ్మ చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది. ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్ల. ముందు ఏడాది ఒక కంటిచూపు మసకబారి, దానంతటదే తిరిగొచ్చిందట. ఇప్పుడు కాళ్ల తిమ్మిరి, తూలుడు. ఎమ్మారై చూసిన న్యూరాలజిస్టు మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి, నరాల మీది మైలిన్ పొరను తినేసే జబ్బు. కరెంటు తీగకు తొడుగు ఊడినట్టే. స్టెరాయిడ్లు ఇచ్చి, జబ్బు మళ్లీ విరుచుకుపడకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ పిల్లను మళ్లీ దుకాణంలో నిలబెట్టడం నా వంతు.

స్వరూప ఒకరోజు చక్కగా నడిచేది, మర్నాడు గోడ పట్టుకుని వచ్చేది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఇంట్లో ఎక్సర్‌సైజులు ఎగ్గొడుతున్నావా అని గద్దించాను. పాపం, ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు రాజమ్మ అడ్డొచ్చి, వీలైనప్పుడల్లా బాలింతకు పోసినట్టు వావిలాకు వేసి మరగకాచిన నీళ్లు బిడ్డ కాళ్ల మీద పోసి తీసుకొస్తున్నానని గర్వంగా చెప్పింది.

అసలు సంగతి అప్పుడు అర్థమైంది. ఈ జబ్బులో ఒంటికి వేడి తగిలితే, దెబ్బతిన్న నరం కబురు మోయలేక కాళ్లు పట్టుతప్పుతాయి. చల్లబడితే మళ్లీ సర్దుకుంటాయి. స్కానింగులు లేని కాలంలో డాక్టర్లు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, నీరసం బయటపడుతుందేమో చూసేవారట. పాతకాలం ముచ్చటగా చదువుకున్న ఆ పరీక్షను రాజమ్మ ప్రేమకొద్దీ ఇంట్లోనే చేస్తోంది.

విషయం చెప్పగానే, బిడ్డకు రోగం తనే తెచ్చానని ఆమె నెత్తి కొట్టుకుంది. "నీ తప్పేం లేదమ్మా. నీళ్లతోని రోగం రాలేదు" అన్నాను. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. వేడినీళ్లు మానేసి తడిబట్ట చుట్టడం మొదలుపెట్టింది. స్వరూప నడక కుదుటపడి దుకాణానికి కూడా వెళ్లింది. జబ్బంతా తన వేడినీళ్ల వల్లే వచ్చిందని, అవి మానేశాక గండం గడిచిందని రాజమ్మ వాడకట్టంతా సంబరంగా చెప్పుకుంది. కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకునేది.

చలికాలంలో జబ్బు మళ్లీ విరుచుకుపడింది. ఇలా తిరగబెట్టడాన్ని రిలాప్స్ అంటాం. ఈసారి స్టెరాయిడ్లు ఇచ్చినా కాళ్లు కుదుటపడలేదు. మందు మార్చారు. ఇప్పటి మందులు కొత్త దాడుల్ని చాలావరకు ఆపగలవు కానీ, పోయిన సత్తువను తిరిగి తేలేవు. స్వరూపను వీల్‌చైర్‌లో తోసుకొచ్చిన రోజున రాజమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"వేడినీళ్లు బందువెట్టిన గద బిడ్డా, మళ్లెట్లొచ్చింది?"

జబ్బు తత్వమే అంతని, ఆమె తప్పేం లేదని మళ్లీ చెప్పాను. ఈసారి విన్నది.

"నాదే తప్పయితే మంచిగుంటుండె" అంది. "నేను మానుకుంటే నా బిడ్డ నడుస్తుండె."

నాకు ఏడుపొచ్చింది. నీ తప్పేం లేదనే మాటతో ఎందరినో ఊరడించాను. ఆ మాట ఒక తల్లికి మిగిలిన ఆఖరి ఆశను కూడా తీసేయగలదని రాజమ్మ వల్ల తెలిసింది. ఇప్పటికీ ఆ మాట అంటాను. అన్నాక లేచి వెళ్లిపోను, వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటాను.