గోడవైపు పేరు

పలమనేరులో ఎవరింట్లో ప్రాణం పోయినా సేవా క్లబ్బు వాళ్ల ఫ్రీజర్ బాక్సు ఉచితంగా వస్తుంది. దాన్ని ఆటోలో తెచ్చేది యోగానంద. మోటార్లు బాగుచేసుకుని బతికే మనిషి. చందా ఇచ్చే స్తోమత లేదు, ఒళ్లొంచుతానని క్లబ్బులో చేరాడు. పెట్టె దించి, కరెంటు కలిపి, చల్లబడేదాకా కూర్చుంటాడు. వెళ్లేటప్పుడు వస్తానని చెప్పడు. చావింట్లో ఆ మాట అనకూడదు కదా.

పెట్టెకు ఒక పక్కన దాత గిరిప్రసాద్ పేరు జానెడేసి అక్షరాల్లో ఉంటుంది. యోగానంద ఎప్పుడూ ఆ పక్కను గోడవైపు తిప్పి పెడతాడు. ఫొటోల్లో పేరు పడటం లేదని గిరిప్రసాద్ ఒకసారి మీటింగులోనే మండిపడ్డాడు.

“ఇచ్చిందెవురో జనానికి తెలియొద్దా అప్పా?”

“తెలియాల్సిందే సార్. కానీ ఏడ్సేవాళ్లు పోయినోళ్ల మొగం సూడాల గదా. మీ పేరు యాడ సూస్తారు?”

మొన్న వేసవిలో గిరిప్రసాద్ భార్య పోయింది. పెట్టె వాళ్ల హాల్లోకే వచ్చింది. దాత ఇల్లు కదా అని యోగానంద ఆ రోజు పేరును జనంవైపే ఉంచి, ప్లగ్గు పెట్టడానికి వంగాడు. లేచి చూస్తే గిరిప్రసాద్ ఆ ఖాళీ పెట్టెను ఒక్కడే లాగుతున్నాడు.

“ఆ కొస పట్టుకో యోగానందా,” అన్నాడు. “తిప్పుదాం.”