మల్లేశన్న ముందు ఆగని బండి

ఎవరైనా దెయ్యం కథ చెబితే నేను రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఎన్నిసార్లు జరిగింది? ఎన్నిసార్లు జరగలేదు? మొదటిదానికి అందరూ జవాబు చెబుతారు. రెండోది ఎవరి దగ్గరా ఉండదు. అందుకే నేను దేన్నీ నమ్మలేదు. ఇప్పుడు ఆ రెండు సంఖ్యలూ నా దగ్గరే ఉన్నాయి. నా ఇబ్బంది అదే.

సికింద్రాబాద్‌లో ఒక కర్ర డిపోలో పని చేస్తాను. పదో తరగతి తప్పాను. దుంగ చుట్టుకొలత, పొడవు చూసి ఎన్ని ఘనపుటడుగులో చెప్పడం, టేపు పట్టుకున్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నాను. కోసిన కర్ర, దర్వాజాలు ఇళ్లకు చేర్చడానికి నాకొక పాత డీజిల్ పికప్ ఉంది. పోయిన ఎండాకాలంలో అది నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలైంది.

ఇంజన్ రెండుసార్లు దగ్గినట్టు ఊగి ఆగిపోయేది. బానెట్ ఎత్తి, చేత్తో పంపు కొట్టి, డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీస్తే పది నిమిషాలకు మళ్లీ స్టార్టయ్యేది. ఆగిన ప్రతిసారీ కిలోమీటర్లు, టైము, ఎండ, బండి మీది బరువు రాసుకున్నాను. 540 కిలోమీటర్లలో ముప్పైసార్లు ఆగింది. సగటున పద్దెనిమిది కిలోమీటర్లకు ఒకసారి.

అందులో ఒకసారి లాలాగూడ దగ్గర రైలు పట్టాల మీదే ఆగింది. పక్కన నా భార్య సుజాత ఉంది. గేటు ఇంకా వేయలేదు కాబట్టి నలుగురు తోసి దాటించారు. ఆ రోజు తోసినవాళ్లలో ఒకాయన నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే.

మా మెకానిక్ మల్లేశన్న ఈ సంగతి విని చేతిలోని పానా కింద పెట్టేశాడు. పదిహేనేళ్లుగా నా బండ్లన్నీ ఆయనే చూస్తున్నాడు.

"పట్టాల మీదనా? సుజాత సుత ఉన్నదా?" అన్నాడు. "బండి చూస్తున్నది నేను. ఏమన్న అయితే అది నా నెత్తి మీదనే తమ్మీ" అన్నాడు.

అప్పటికే డీజిల్ ఫిల్టర్ మార్చాడు, పంపు విప్పి బిగించాడు, వైర్లన్నీ చూశాడు. ఇక నా పక్కన కూర్చుని తిరుగుతానన్నాడు. బండి ఆగిన క్షణంలో పైపు విప్పి చూస్తేనే గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుస్తుందని ఆయన లెక్క.

ఆయన తలుపు వైపు కూర్చునేవాడు, మోకాళ్ల మీద పానాల సంచీ పెట్టుకుని. తొమ్మిది ట్రిప్పులు, 216 కిలోమీటర్లు తిరిగాం. నా సగటు ప్రకారం పన్నెండుసార్లు ఆగాలి. ఒక్కసారీ ఆగలేదు. ఆయన దిగి దుకాణంలోకి వెళ్లాక, నేను మెట్టుగూడ దాటకముందే ఆగిన రోజులు రెండున్నాయి.

వాడలో అందరికీ ఇది నవ్వులాట అయింది. పక్కనే పంక్చర్లు వేసే ఆయన ఒకరోజు అరిచాడు.

"మల్లేశా, బండి బాగు చేస్తున్నవా, సవారీ చేస్తున్నవా?"

"నవ్వుర్రి, నవ్వుర్రి. నా ముంగట ఒక్కపారి ఆగనియ్. అప్పటిదాంక దీన్ని ఇడువ."

ఆయన నవ్వలేదు. నలభై ఏళ్ల పనిలో తనకు దొరకని జబ్బు లేదని పేరున్న మనిషి. ఆ వారమే ఇద్దరు పాత గిరాకీలు వేరే దుకాణానికి పోయారని తర్వాత తెలిసింది.

ఒక గురువారం ఉదయం, దుకాణం ముందు స్టూలు మీద చాయ్ తాగుతూ మల్లేశన్న ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు.

మర్నాటి నుంచి బండి ఆగడం మానేసింది.

మొదటి వారం నేను పట్టించుకోలేదు. రెండో వారం భయం మొదలైంది. మూడు వారాలు, 360 కిలోమీటర్లు. ఇరవైసార్లు ఆగాల్సిన బండి ఒక్కసారీ ఆగలేదు. ఆయన చివరి రోజుల్లో రిపేరు ఏమైనా చేశాడేమోనని ఆయన భార్యను, వదినను అడిగాను. ఆయన పోయేముందు రెండు రోజులూ బండి నా దగ్గరే ఉంది, ఆయన ముట్టుకోలేదు. అది నాకూ తెలుసు. అయినా అడిగాను.

ఆ మధ్యే సుజాతను బేగంపేట తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆమె బండెక్కి తలుపు పక్కన కాకుండా, గేరు రాడ్ వైపు జరిగి కూర్చుంది. ఎందుకని అడిగాను.

"ఏమో. ఆడ ఇరుకుగ అనిపించింది" అంది.

ఆమె పక్కన రెండో మనిషి పట్టేంత చోటుంది. మల్లేశన్నతో కలిసి ఆమె ఎప్పుడూ ఈ బండెక్కలేదు.

జబ్బు దానంతటదే నయం కాదని నాకు తెలుసు. మళ్లీ పట్టాల మీద ఆగితే అన్న భయం ఒకటి. మౌలాలిలో ఇంకో మెకానిక్‌కు చూపించాను. ఆయన ట్యాంకు కిందికి దింపాడు. లోపల డీజిల్ పీల్చే పైపుకు నడుమ సన్నటి చీలిక ఉంది. డీజిల్ సగానికి తగ్గితే ఆ చీలిక బయటపడి గాలి పీలుస్తుంది.

"ఇది రోజుకొక్కసారన్న ఆగాలె అన్నా. ఇన్ని దినాలు ఎట్ల నడిపినవ్?" అన్నాడు.

ఇంటికొచ్చి పెట్రోలు బంకు చీటీలు తీశాను. మల్లేశన్న ఉన్నప్పుడు ట్యాంకు నిండుగా ఉండి ఉంటుందని నా ఆశ. తొమ్మిది ట్రిప్పుల్లో ఆరింటికి సగం కంటే తక్కువే ఉంది. ఆయన పోయాక ఆ మూడు వారాల్లోనూ అంతే, చాలా రోజులు ట్యాంకు అడుగున ఉన్న డీజిల్‌తోనే నడిచింది.

కొత్త పైపు వేయించాను. మర్నాడు పదకొండు గంటలకు దర్వాజాలతో ఏ.ఎస్. రావు నగర్ బయల్దేరాను. ట్యాంకు నిండా ఉంది. బండిలో నేనొక్కణ్ణే. మల్లేశన్నకు చెప్పకపోవడం తప్పనిపించింది. సిగ్గుపడుతూనే పక్క సీటు వైపు చూడకుండా పైకే చెప్పాను.

"అన్నా, దొరికింది. ట్యాంకు లోపలి పైపు చీలింది. మౌలాలిలో పట్టిండ్రు."

ఇంజన్ ఆగిపోయింది. ఈసారి దగ్గలేదు, ఊగలేదు. ఎవరో తాళం తిప్పినట్టు ఆగింది. బండి నెమ్మదిగా పక్కకు జరిగి నిలిచింది. వెనక హారన్లు కొడుతున్నారు. నేను దిగలేదు, పంపు కొట్టలేదు. కాసేపాగి తాళం తిప్పితే మొదటిసారికే స్టార్టయింది.

నాలుగు నెలలైంది. రెండు వేల కిలోమీటర్లు దాటాను. మళ్లీ ఆగలేదు. కొత్త పైపు, నిండు ట్యాంకు ఉన్న బండి ఆ ఒక్కసారి ఎందుకు ఆగిందో ఇప్పటికీ చెప్పలేను. మెకానిక్‌కు చెబితే మళ్లీ విప్పి చూస్తానంటాడు. అందుకే చెప్పలేదు.

అది కాదు నన్ను పట్టుకున్నది. జబ్బు దొరికిందని సంతోషించి మల్లేశన్న బండి దిగాడా, వేరేవాడు పట్టాడని నొచ్చుకుని దిగాడా? మౌలాలి పేరు, అక్కడ వేరేవాళ్లు పట్టిన సంగతి చెప్పకుండా ఉండాల్సింది.