చక్కెర దండలో దారం

ఖమ్మంలో మా పాత గల్లీ ఇప్పుడు గల్లీలా లేదు. ఒక పక్క సెల్‌ఫోన్ల రిపేరు, ఇంకో పక్క బిర్యానీ పాయింటు, మధ్యలో ఊపిరాడనట్టు ఆ మిఠాయి దుకాణం. నా చిన్నప్పుడు అది చాలా పెద్దది. నువ్వు చిన్నగా ఉన్నావు కాబట్టి పెద్దగా కనిపించింది అంటుంది మా ఆవిడ. ఆమె దగ్గర అన్నిటికీ సమాధానం ఉంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. అప్పట్లో అక్కడ అద్దాల పెట్టె నిండా బాలుషాయి, కలాకంద్, నువ్వుల రేవడి ఉండేవి. ఇప్పుడు ఆ పెట్టె ఉన్నచోట కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది, పైన చిప్స్ ప్యాకెట్లు వేలాడుతున్నాయి. హోలీకి ముందు కొన్నాళ్ళు మాత్రం దుకాణం నడిపే చాచా అటక మీది అచ్చులు దించి చక్కెర దండలు పోస్తాడు. ఆ కొన్నాళ్ళే అది మళ్ళీ మిఠాయి దుకాణం.

మా దిక్కున హోలీకి పసిపిల్లల మెడలో చక్కెర దండ వేస్తారు. తెల్లటి బిళ్ళలు, పూలు, చిలకలు, అన్నీ చక్కెరవే, ఒకే దారానికి కూర్చినట్టు ఉంటాయి. నిజానికి కూర్చరు. టేకు చెక్క అచ్చుల్ని నీళ్ళలో నానబెట్టి, రెండు పలకల మధ్య దారం పరిచి, బిగించి కట్టి, సందులోంచి మరిగే పాకం పోస్తారు. ఆరాక పలకలు విప్పితే దారాన్ని కడుపులో పెట్టుకుని చక్కెర గడ్డకట్టి ఉంటుంది. చాచా పోస్తాడు, ఆయన భార్య చాచీ విప్పుతుంది. చిన్నప్పుడు నేనూ మా చెల్లెలూ గడప మీద కూర్చుని ఆ విప్పడం చూసేవాళ్ళం. చెల్లెలికి దండ వేస్తే మెడలోంచి తీయనిచ్చేది కాదు. మెడలో ఉండగానే ఒక్కో బిళ్ళా చీకి చీకి, సాయంత్రానికి వట్టి దారంతో, జిగట గడ్డంతో, చీమలతో ఇంటికి చేరేది. మా అమ్మ ఆ దారం తెంపేసరికి గల్లీ అంతా వినబడేలా ఏడ్చేది.

పిల్లల తొలి హోలీకి దండ తేవలసింది మేనమామ. ఆ తొలి దండకు చాచా బజారు దారం వాడడు. పసి మెడ ఒరుసుకుపోతుందని, ఉయ్యాల తొట్టె కట్టిన చీరలోంచి పోగులు లాగి పేనిన మెత్తటి దారం ఇంటినుంచే తెమ్మంటాడు. ఇది ఊరి ఆచారమేమీ కాదు, ఆ దుకాణం పద్ధతి. ఎందుకంత చాదస్తం అని నేను ఎన్నోసార్లు వెక్కిరించాను.

మా చెల్లెలికి పెళ్ళయిన చాలా ఏళ్ళకు గానీ కడుపు పండలేదు. నేను మాత్రం ప్రతి హోలీకీ దుకాణానికి వెళ్ళి, "వచ్చే ఏడు మా అల్లునికి తొలి దండ పోయాలె చాచా" అని చెప్పి వచ్చేవాణ్ణి. "ఆలు లేదు చూలు లేదు, వీనికి దండ గావాల్నంట" అని చాచీ నవ్వేది. చివరికి పోయిన చలికాలంలో బాబు పుట్టాడు.

చెల్లెలు ఉండేది మణుగూరు దగ్గర ఒక కాలనీలో. ఆమె భర్త ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో టిప్పర్ నడుపుతాడు. మా ఆవిడకూ అమ్మకూ పడక అమ్మ కూడా అక్కడే ఉంటోంది. బాబుకు రెండు నెలలు నిండాక నేను చూడ్డానికి వెళ్ళాను. చెల్లెలు తొట్టె చీర అంచులోంచి పోగులు లాగి, బాబును ఒళ్ళో వేసుకుని, వత్తి చేసినట్టు పిక్క మీద పేనింది. మధ్యలో వాడు తాగిన పాలు కాస్త కక్కితే దారం తడిసింది.

"నీ దండకు నువ్వే పాకం పోసుకుంటున్నవారా?" అని పడీ పడీ నవ్వింది.

"ఇంత పొడుగు పేనినవేంది? ఇది పిల్లగానికా, బర్రెకా?" అన్నాను.

ఆ దారం తెచ్చి చాచీ చేతిలో పెట్టాను. ఆ తర్వాత నెల తిరక్కముందే బాబు పోయాడు.

జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. పెద్ద దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే, చెల్లెలి ఒళ్ళోనే పోయాడు. ఊపిరి ఆగిన సంగతి ముందు ఆమెకే తెలిసింది. అంబులెన్సులో పక్కనున్న మనిషికి ఆమే చెప్పిందట. నేను చేరేసరికి కాలనీ దాటి అడవి మొదలయ్యే చోట పాతిపెట్టి వచ్చారు. చివరిసారి వాడి ముఖం నేను చూడలేదు.

పసిగుడ్డుకు దినాలు ఉండవన్నారు. పెద్దవాళ్ళు పోతే చుట్టాలొస్తారు, శోకాలు పెడతారు, తింటారు, తాగుతారు, పాత పగలు తవ్వుకుని కొట్లాడుకుంటారు. ఆ గోలలో ఇంటివాళ్ళ ఏడుపు కూడా ఎలాగో గడిచిపోతుంది. బాబుకు అవేవీ లేవు. రెండోనాటికే తండ్రి డ్యూటీకి పోయాడు. పాలు ఇంకిపోవాలని అమ్మ చెల్లెలి రొమ్ముకు మల్లెపూలు కట్టింది. గుర్తులుంటే మళ్ళీ కడుపు పండదని ఎవరో చెబితే, తొట్టె చీర, టోపీ, పక్కగుడ్డలు, చివరికి గిలక్కాయ కూడా మూటగట్టి వాగులో వదిలి వచ్చింది. ఫోన్లో ఉన్న ఫోటోలు ఎవరితోనో తీసేయించింది. వాడి ఊసు ఎత్తితే నా మీద కస్సుమంది. నాకు ఒళ్ళు మండింది. ఆడమనిషివై ఉండి నీకు తెలియదా అని అరిచాను కూడా. చెల్లెలు ఏడవలేదు. తినమంటే రెండు ముద్దలు తినేది, పడుకోమంటే గోడవైపు తిరిగి పడుకునేది. ఆమె ఏడిస్తే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను.

హోలీ దగ్గర పడుతుండగా అమ్మ ఫోన్ చేసింది. "ఆ దండ వద్దని దుకాణంల చెప్పు. చెల్లెకు మాత్రం ఎర్క జేయకు" అంది. ఆ మధ్యాహ్నమే చెల్లెలు కూడా చేసింది. బాబు పోయాక ఆమె తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

"అన్నా, నా దారం ఏడున్నది?"

"దుకాణంల ఇచ్చిన కద."

"నాకు దండ వద్దన్నా. దారం తెచ్చియ్యి. అన్ని పారబోసిన్రు. వాని వాసన ఉన్నది గదొక్కటే."

నేను వెంటనే బయల్దేరాను. దుకాణం వెనక గదిలో పొయ్యి మండుతోంది. చాచా రెండు చేతులతో పాకం గిన్నె పట్టుకుని వరసగా పెట్టిన అచ్చుల్లో పోస్తున్నాడు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, అందుకని మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని పోస్తున్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది.

"రా బేటా. ఈ సారి పొయ్యి ముట్టిచ్చినంక మొదాలు మీ అల్లుని దండనే పోసిన. గా పీట మీదున్నది, జూడు."

చూశాను. అంత తెల్లటి దండ నేను ఎప్పుడూ చూడలేదు. చిలకలకు కళ్ళు కూడా దిగాయి.

"నాకు దండ గాదు చాచా, దారం గావాలె."

"దారమేంది?"

"బాబు పోయిండు."

పాకం ఆగదు. మధ్యలో ఆపితే గిన్నెలోనే గడ్డ కడుతుంది. చాచా ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, మళ్ళీ తల వంచి, మిగిలిన అచ్చులన్నీ నింపాడు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డంలోకి కారుతుంటే భుజంతో తుడుచుకున్నాడు. గిన్నె ఖాళీ అయ్యాకే కింద కూలబడ్డాడు.

చాచీ తడి పలకలు పక్కన పెట్టి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమెకు జరిగింది చెప్పాను. చెల్లెలు ఏమడిగిందో కూడా చెప్పాను. "వాని వాసన ఉన్నదంట దానికి" అన్నాను. చాచీ తన అరచేతులు చూసుకుంది.

"వాసన యాడిది బేటా? పసిబిడ్డ మెడలేసేదని సబ్బు పెట్టి పిండిన. ఎసట్లేసి ఉడకబెట్టిన. రెండు దినాలు ఎండల ఆరేసిన. అటెనక పాకం." ఆమె అరచేతులు నా ముందుకు చాపింది. "గీ చేతులతోనే పిండితిని గద."

నేను ఎన్నోసార్లు వెక్కిరించిన ఆ చాదస్తం ఇది. ఆమెను ఏమనగలను? దారాన్ని ఎంత శుభ్రంగా ఉంచాలో అంత శుభ్రంగా ఉంచింది.

"మరి చెల్లెకు ఏం జెప్తవ్?" అని చాచా అడిగాడు.

"ఉన్నదే జెప్త. నాకు అబద్ధం రాదు."

అది గొప్ప కాదు, రోగం. చీర బాగుందా అని మా ఆవిడ అడిగితే నిజం చెప్పి తిట్లు తిన్న సందర్భాలు లెక్కలేనన్ని. చిన్నప్పుడు ఇంట్లో ఏ తగువొచ్చినా అన్నను అడుగు అనేది మా చెల్లెలు. అది నన్ను నమ్మడం కన్నా నా నోటికి తాళం లేదని తెలియడమే.

"గట్లయితే నోరు మూసుకొని చేతిల పెట్టిరా. నువ్వేం చెప్పుడు వద్దు" అని చాచీ కసిరింది. దండను మెత్తటి పాత గుడ్డలో చుట్టి, మిఠాయి డబ్బాలో పెట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. కొత్తగూడెం దాటాక రోడ్డుకు రెండు వైపులా మోదుగులు విరగబూసి ఉన్నాయి. బొగ్గు లారీల దుమ్ము పడి ఆ ఎరుపు కూడా మాసిపోయింది. పక్క సీట్లో ఒక పెద్దావిడ నా ఒళ్ళోని మిఠాయి డబ్బా వైపు చూసింది.

"చక్కెర దండనా అయ్యా? మేనల్లునికా?"

"అవ్."

"తొలి హోలీనా?"

"అవ్."

అవి అబద్ధాలు కావు కదా అనుకున్నాను. "సల్లగుండాలె బిడ్డ" అని ఆమె డబ్బా మీద చెయ్యి పెట్టి దీవించింది. నేను కిటికీ వైపు తిరిగి మణుగూరు వచ్చేదాకా మళ్ళీ ఇటు చూడలేదు. దారంలో ఏమీ లేదని చెల్లెలికి ఎలా చెప్పాలో, చెప్పకపోతే ఆమె ముందు ఎలా నిలబడాలో ఎంత ఆలోచించినా తేలలేదు.

గుమ్మంలోనే అమ్మ అడ్డం వచ్చింది. డబ్బా చూడగానే ఆమెకు అర్థమైంది.

"నేనేం జెప్పిన, నువ్వేం తెచ్చినవ్? పుండు మీద కారం సల్లనీకొచ్చినవా?"

లోపలినుంచి చెల్లెలు వచ్చి, అమ్మను పక్కకు జరిపి, నా చేతిలోంచి డబ్బా తీసుకుంది. మనిషి సగమైంది. నేల మీద కూర్చుని గుడ్డ విప్పింది. దండను చూసింది గానీ చిలకల్ని చూడలేదు. ముడి దగ్గర వేలాడుతున్న దారం కొసలు పట్టుకుని ముక్కుకు ఆనించుకుంది. ఒకసారి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"కొసలకు పాకం అంటుకున్నది. లోపల ఉంటదన్నా" అంది.

నేను చెప్పులు విడిచి ఆమెకు ఎదురుగా కూర్చున్నాను.

ఆమె మొదటి బిళ్ళను వేళ్ళతో విరిచింది. చక్కెర పెళుసుగా విరిగి ఒళ్ళో పడింది. బయటపడిన దారం వాసన చూసి, పక్క బిళ్ళ విరిచింది. తర్వాత చిలక. తర్వాత పువ్వు. విరగని చోట పంటితో కొరికింది. దారానికి అంటుకున్న పలుకుల్ని చిన్నప్పటిలాగే నాలుకతో తీసింది. అప్పుడే డ్యూటీ దిగిన ఆమె భర్త, ముఖం నిండా బొగ్గుదుమ్ముతో గడపలో నిలబడిపోయాడు. లోపలికి రాలేదు, బయటికీ పోలేదు.

చివరికి ఆమె చేతిలో వట్టి దారం మిగిలింది. దాన్ని ఉండగా చుట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ముఖం అందులో దాచుకుంది.

"లేదమ్మా" అంది. "వాని వాసన లేదు. అంతా చక్కెర వాసననే ఉన్నది."

అప్పుడు ఏడ్చింది. చిన్నప్పుడు గల్లీ అంతా వినబడేలా ఏడ్చిన పిల్ల ఇప్పుడు మా ముగ్గురికి మాత్రమే వినబడేలా ఏడ్చింది. ఆమె ఏడవాలని ఇన్నాళ్ళూ కోరుకున్న నేను ఆ ఏడుపు విని తట్టుకోలేకపోయాను.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అన్నీ వాగులో వదిలి వచ్చిన మా అమ్మ, ఆ దారాన్ని చెల్లెలి చేతుల్లోంచి మెల్లగా తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"ఉన్నది బిడ్డా" అంది. "ఏడ్చి ఏడ్చి నీకు ముక్కు పట్టేసింది గని, ఉన్నది. పాల వాసన."

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. అమ్మ దారాన్ని నా ముందు పెట్టింది. "నువ్వు జూడురా" అంది. ఆ కళ్ళలో అంతకుముందటి కోపం లేదు. జీవితంలో మా అమ్మ నన్ను ఏదీ బతిమాలలేదు. అప్పుడు బతిమాలింది.

తీసుకుని పీల్చాను. చక్కెర, నానిన చెక్క. అంతే.

"అవ్ చెల్లె," అన్నాను. "ఉన్నది."

చెల్లెలు ఏడుపు ఆపి నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"అన్న అబద్ధమాడడు" అని, దారం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ ముక్కుకు ఆనించుకుంది. ఈసారి చాలాసేపు తీయలేదు.